సత్తెమ్మ ఇంట్లో పార్టిషన్

ఆ ఆదివారానికి భాస్కరరావు పెట్టుకున్న పనులు రెండే. పొద్దున పాత లాప్‌టాప్‌ను బాగుచేయడం, మధ్యాహ్నం గుత్తివంకాయ కూరతో భోంచేసి పడుకోవడం. రెండోదే అసలు పని అని ఆయన భార్య కమలకుమారికి తెలుసు కాబట్టి, తెల్లవారగానే వంకాయలకు గాట్లు పెట్టి ఉప్పునీళ్ళలో వేసి పెట్టింది.

ఆ లాప్‌టాప్ కమలకుమారి తమ్ముడు రఘురామ్‌ది. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రఘురామ్, కొత్తది కొనుక్కుని పాతదాన్ని అక్కయ్య ఇంట్లో వదిలి వెళ్ళాడు. ఇటుకంత మందం, ఇటుకంత బరువు. మీట నొక్కి, వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలుపుకుని తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఇసుక గడియారం బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉండేది. "దీనికి విండోస్ బరువు ఎక్కువైంది బావగారూ. అది తీసేసి లైనక్స్ ఎక్కించుకోండి. తేలిగ్గా ఉంటుంది, పైసా ఖర్చు లేదు" అని రఘురామ్ ఒక సీడీ కూడా ఇచ్చాడు. కంప్యూటర్‌ను నడిపించే సరంజామా పేరు విండోస్ అనీ, అది వృద్ధాప్యంలో ఉన్న యంత్రాలకు పనికిరాదనీ, లైనక్స్ అనేది వాటికి పథ్యం లాంటిదనీ భాస్కరరావు అర్థం చేసుకున్నాడు.

చిక్కు ఒక్కటే. కిందటి వేసవిలో రఘురామ్ వచ్చినప్పుడు అక్కయ్య చేత కీర్తనలు పాడించి అందులో రికార్డు చేశాడు. భాస్కరరావు ఆఫీసు నుంచి వచ్చాక రోజూ సాయంత్రం కళ్ళు మూసుకుని వాటిని వినేవాడు. కమలకుమారి పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ తన గొంతు తనే వినేది.

"నా పాటలు పోవు కదండీ?" అంది ఆ పొద్దున.

"నీ పాటలు పోనిస్తానా?" అన్నాడు ఆయన, స్క్రూడ్రైవర్ వెతుక్కుంటూ.

భాస్కరరావుది తెనాలి దగ్గర. భూముల సర్వే ఆఫీసులో సూపరింటెండెంటు. ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో సత్తెమ్మ ఇంటి పై పోర్షన్‌లో చాలాకాలంగా అద్దెకుంటున్నాడు. కింద సత్తెమ్మ, ఆమె కొడుకులు కొండల్, వైకుంఠం, ఇద్దరు కోడళ్ళు, వాకిలి వెనక కొట్టంలో బర్రెలు. భర్త పోయినా సత్తెమ్మ పాల వ్యాపారం పోనివ్వలేదు. కొండల్ హోటళ్ళకు, వైకుంఠం ఇళ్ళకు పోసి వస్తారు. ఏ బర్రెను ఎక్కడ కట్టాలి, మోటారు సైకిల్ ఎవరిది నీడలో ఉండాలి అని అన్నదమ్ములిద్దరూ రోజూ కొట్లాడుకునేవాళ్ళు. అయినా ఇల్లు పంచుకుందామన్న మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. ఆ మాట వింటే అమ్మ తట్టుకోలేదని కొడుకుల భయం.

ఆ ఇంట్లో సెల్‌ఫోన్ సిగ్నల్ మెట్ల మీది వరండాలో మాత్రమే అందేది. అదీ స్టేషన్ వైపు మొహం పెట్టి, కాస్త గట్టిగా మాట్లాడితేనే. రఘురామ్ ఫోనులో చెబుతుంటే తెర చూస్తూ చేయాలి కాబట్టి, లాప్‌టాప్‌ను వరండాలో స్టూలు మీద పెట్టక తప్పలేదు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరు ఇంట్లో నుంచి రావాలి, తలుపు వైపు నుంచి లాగితే అందలేదు. అందుకని భాస్కరరావు వరండా కిటికీకున్న దోమల జాలీని చట్రంతో సహా ఊడదీసి, పిట్టగోడకు ఆనించి, వైరును కిటికీలోంచి బయటికి తెచ్చాడు.

ఆయనకు ఒక అలవాటుంది. ఆఫీసులో పై అధికారి ఏది చెప్పినా తిరిగి పైకి ఒప్పజెప్పి గానీ రాసుకోడు. ఫోనులోనూ అంతే.

కింద వాకిట్లో సత్తెమ్మ పాల క్యాన్లు తోముతోంది. పైనుంచి సూపరింటెండెంటు గొంతు స్పష్టంగా దిగివచ్చింది.

"విండోస్ తీసేద్దామంటావు. సరే, తీసేద్దాం... ముందు పార్టిషన్ చెయ్యాలి. ఆఁ, చేస్తాను. రెండు భాగాలు... ఇప్పుడు తేల్చుకోకపోతే తర్వాత మార్చడం కష్టం, నిజమే... లేదులే, ఆవిడకి చెప్పను. ముందే చెబితే కంగారుపడుతుంది. అంతా అయిపోయాక చెబుదాం."

పాటలకు కొంచెం ప్రమాదం ఉందని రఘురామ్ అన్నాడు. ఆ "ఆవిడ" కమలకుమారి. కానీ ఆ ఇంట్లో కంగారుపడాల్సిన ఆవిడ సత్తెమ్మకు తను తప్ప ఇంకెవరూ కనిపించలేదు. ఆమె చేతిలో పీచు ఆగిపోయింది.

పార్టిషన్ అనే మాట ఆమెకు తెలుసు. గల్లీలో ఏ ఇంట్లో అన్నదమ్ములు విడిపోయినా మొదట వినపడేది ఆ మాటే. సారు తీసేద్దామన్న విండోసే అర్థం కాలేదు. పెద్దకోడలిని పిలిచింది.

"విండోస్ అంటే ఏందే?"

"ఖిడ్కీలత్తమ్మా."

సత్తెమ్మ తలెత్తి చూసింది. పిట్టగోడ మీంచి కిటికీ చట్రం ఒకటి ఇటు తొంగిచూస్తోంది.

అంతలో కమలకుమారి గిన్నె పట్టుకుని పాలకు దిగింది.

"కమలమ్మా, సారు ఏదో పని వెట్టుకున్నట్టున్నడు," అంది సత్తెమ్మ.

"అవునండీ సత్తెమ్మగారూ. విండోస్ తీసేస్తున్నారు. పాతబడిపోయాయి. తెరుచుకోవడానికే యుగం పడుతోంది, మధ్యలో పట్టేస్తున్నాయి కూడాను."

ఆ ఇంటి కిటికీలు సత్తెమ్మ భర్త దగ్గరుండి చేయించిన టేకువి. "వానలకు ఉబ్బుతయమ్మా. జర గట్టిగ నూకితె తెర్సుకుంటయి."

"నూకితే మొత్తానికే పాడవుతాయని ఆయన భయం. కొత్తది మా తమ్ముడు ఊరికే ఇచ్చాడు లెండి, అది పెట్టేస్తారు."

"ఓనర్‌ను ఒక్క మాట అడగొద్దా అమ్మా?"

"ఓనరు మా తమ్ముడే కదండీ. తనే దగ్గరుండి చేయిస్తున్నాడు, ఫోనులో."

సత్తెమ్మ పోస్తున్న పాలు గిన్నెలో సగం, అరుగు మీద సగం పడ్డాయి. "మరి పార్టిషన్?" అంది నెమ్మదిగా.

"అదీ ఉందట. అవన్నీ నాకు తెలీవండీ. నావి నాకు మిగిలితే చాలన్నాను," అని కమలకుమారి గిన్నె తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

సత్తెమ్మ అరుగు మీద కూర్చుంది. లెక్క తేలిపోయింది. కొడుకుల్లో ఎవడో తన వాటాను చాటుగా కమలమ్మ తమ్ముడికి అమ్మేశాడు. కొన్నవాడు అప్పుడే కిటికీలు మార్పిస్తున్నాడు. సర్వే ఆఫీసు సారు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి కొలతలకు కచేరీ దాకా పోవాల్సిన పని కూడా లేదు.

కొండల్ బార్కస్ హోటళ్ళకు పాలు పోసి అప్పుడే తిరిగొచ్చాడు. బండి స్టాండ్ వేయకముందే తల్లి అడిగింది.

"కొండలూ, నీ పాలు అమ్మినవారా?"

"అమ్మిన అమ్మా."

"ఎవలకు?"

"బార్కస్‌ల హోటలోళ్ళకు. ఎప్పుడు అమ్మేటోళ్ళకే."

"మొత్తం అమ్మినవా?"

"మొత్తం. చుక్క మిగల్లే. ఇంక ఉంటె గూడ తీస్కుంటుండ్రి."

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పాలమ్మినందుకు తల్లి ఏడవడం కొండల్ పుట్టాక ఇదే మొదలు. కోడలు వచ్చి, ఆ పాలు కాదు, ఇంట్లో అతని పాలు, అంటే వాటా గురించి అడుగుతున్నదని వివరించాక గానీ అతనికి తెలియలేదు. "నేనెందుకమ్ముతనే. గా వైకుంఠం గాని పనే అయ్యుంటది. జర ఊకో. నేను సారును అడిగొస్త," అని మెట్లెక్కాడు.

భాస్కరరావు తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వాగులా పారుతుంటే రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"పార్టిషన్ నడుస్తున్నదంట గద సార్," అన్నాడు కొండల్.

ఇంటాయనకు కంప్యూటర్ల మీద ఆసక్తి ఉండడం భాస్కరరావుకు సంతోషమే అనిపించింది. "నడుస్తోందయ్యా. ఇవాళ తేల్చేయాలి. ఇంతకాలం అంతా ఒకే ముక్కగా ఉంచడమే తప్పు. ఒక మూల చెడిందంటే దాంతో మిగతాదీ పోతుంది."

కొండల్‌కు ఆ మాట గుండెలో దిగింది. తమ్ముడి గురించి తను రోజూ అనుకునేది అదే. "ఎన్ని ముక్కలు జేస్తున్నరు సార్?"

"పెద్దవి రెండు. ఒక చిన్నది."

"గా చిన్నది ఎవలకు?"

"అది ఎవరికీ కాదు. లోపల ఇరుకైనప్పుడు, వెంటనే అవసరం లేనివాటిని తీసుకెళ్ళి అందులో పడేస్తారు."

అమ్మ ఎక్కడుండబోతున్నదో కొండల్‌కు అర్థమైంది. "ఇదంత ఎవలు జేపిస్తున్నరు సార్ మీతోని?"

"ఫోనులో ఒకడున్నాడులే, చిన్నవాడు. వాడు చెప్పినట్టల్లా నేను చేసుకుపోవడమే."

ఆ ఇంట్లో చిన్నవాడు వైకుంఠం. కొత్తగా సెల్‌ఫోన్ కొన్నదీ వైకుంఠమే. కొండల్ చేతులు కట్టుకున్నాడు. "సార్, మీరు పెద్దమనిషి. అయ్యేదెట్లనో అయితది, ఆపుమంటలేను. బర్ల కొట్టం దిక్కు మాత్రం నాకొచ్చేటట్టు జూడుండ్రి."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. భాస్కరరావు చెవి దగ్గర పెట్టుకుని, "అలాగే, అలాగే. నువ్వెలా అంటే అలాగే చేస్తాను," అన్నాడు రఘురామ్‌తో. కొండల్ నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. కాసేపటికి ఒక స్టీలు గిన్నె నిండా జున్ను పైకి వచ్చింది.

జున్ను ఊరికే మెట్లెక్కదని వైకుంఠానికి తెలుసు. అతను ఇళ్ళకు పాలు పోసి వచ్చేసరికి అమ్మ మాట్లాడటం లేదు, అన్న ముఖం అటు తిప్పుకున్నాడు, వదిన గిన్నె పట్టుకుని పైకి పోతోంది. చిన్నకోడలు తను విన్నదీ విననిదీ కలిపి చెప్పింది. అన్న చాటుగా సారుతో పార్టిషన్ రాయించుకుంటున్నాడని తేలిపోయింది. వైకుంఠం ఒక సీసా నెయ్యి చేతపట్టుకుని బయల్దేరాడు.

"సార్, మా అన్న ఏం జెప్పిండో నాకెర్కలేదు. నేను అడిగేది ఒక్కటే. పైపోర్షన్ నా దిక్కు ఉండాలె."

"పైన మేమున్నాం కదయ్యా," అన్నాడు భాస్కరరావు, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ.

"మీరుండుండ్రి సార్. ఎన్నేండ్లన్న ఉండుండ్రి. మీకేం ఫికర్ లేదు. గని పాతదంత తుడిచిపెడ్తరా, జర ఏమన్న మిగులుతదా?"

"నిదానంగా చేస్తే మిగులుతుంది. తొందరపడితే మాత్రం ఏమీ మిగలదు."

వైకుంఠం తల వంచుకున్నాడు. సారు తనకు బుద్ధి చెబుతున్నాడని తోచింది. నెయ్యి సీసా స్టూలు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇవాళ ఏం పండగండీ?" అంది కమలకుమారి సీసా లోపలికి తీసుకెళ్తూ. "జున్నొచ్చింది, నెయ్యొచ్చింది."

"మంచి మనుషులు," అన్నాడు భాస్కరరావు. "నేనేదో కొత్త విద్య నేర్చుకుంటున్నానని ప్రోత్సాహం."

ఇంతలో గల్లీలోకి దుర్గయ్య తోపుడు బండి వచ్చింది. కూలగొట్టిన ఇళ్ళ తలుపులు, కిటికీలు కొని అమ్ముకోవడం దుర్గయ్య వ్యాపారం. సత్తెమ్మ ఇంట్లో కిటికీలు పీకుతున్నారన్న మాట మలుపు దగ్గర చాయ్ కొట్టు దాకా పాకింది. అతను ఎవరినీ అడగకుండా పైకెక్కి, పిట్టగోడకు ఆనించిన చట్రాన్ని చేత్తో తట్టి చూశాడు.

"ఇగ మిగిలినయి గూడ దీస్తరా, అన్నీ ఒక్కసారే పట్కపోత," అన్నాడు.

భాస్కరరావు ఫోనులో ఉన్నాడు. "వద్దు, ఇప్పుడేమీ ముట్టుకోవద్దు" అని రఘురామ్ చెప్పిన మాటను అలవాటు ప్రకారం తిరిగి అంటున్నాడు. అది తనకే అనుకున్న దుర్గయ్య, మిగిలినవి ముట్టుకోకుండా ఊడిన ఒక్కదాన్నే భుజాన వేసుకుని దిగాడు.

కమలకుమారి గరిటె పట్టుకుని వెంటపడింది. "అది మాది కాదయ్యా, ఇంటివాళ్ళది. తీసుకెళ్ళకు."

ఇంటివాళ్ళలో పెద్దదైన సత్తెమ్మ ఆ సమయానికి గుమ్మంలోనే ఉంది. తన భర్త చేయించిన కిటికీ చట్రం తోపుడు బండి మీద పడుకుని ఉండడం చూసింది. లోపలికి వెళ్ళి, చిన్నకొడుకు సెల్‌ఫోన్ అడిగి తీసుకుని, సిగ్నల్ కోసం మలుపు దాకా నడిచి, అదే ఫోనులో కిషన్‌బాగ్‌లో ఉన్న తన అన్న మొగులయ్యను రమ్మంది.

మొగులయ్య ఆ కుటుంబంలో పెద్ద దిక్కు. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడాక ఎదుటివాళ్ళకు మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఆయన ఆటో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చెల్లెలు చెప్పింది విన్నాడు, చట్రాన్ని బండి మీంచి దింపించాడు, దుర్గయ్యను కదలొద్దని చెప్పాడు. "సారును అడుగుదం, నడుండ్రి," అని మెట్లెక్కాడు. వెనక సత్తెమ్మ, కొడుకులు, కోడళ్ళు, సాక్ష్యానికి దుర్గయ్య.

పైన పని ఒక మలుపులో ఆగి ఉంది. "బావగారూ, ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నది అది సొంతంగా వేసుకున్న లెక్క," అని రఘురామ్ చెప్పాడు. "పాత సామానంతా తుడిచేస్తానంటోంది. పాటలున్న చోటు వదిలెయ్యమని మనం చెప్పాలి. ఎలాగో చూసి మళ్ళీ ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఎంటర్ మీద చెయ్యి పెట్టకండి." భాస్కరరావు పెట్టలేదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని భార్య పిలిస్తే వంటింట్లోకి వెళ్ళాడు.

ఆయన వంకాయ నోట్లో పెట్టుకుని తిరిగొచ్చేసరికి, స్టూలు చుట్టూ ఇంటివాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. తెర మీద పొడుగాటి పట్టీ ఒకటి ఉంది. పెద్ద ముక్క నీలం, దాని పక్కది ఆకుపచ్చ, చివర చిన్నది ఎరుపు.

"నక్షా," అన్నాడు మొగులయ్య, ఇంటి పటం చూసినట్టు చూస్తూ.

అన్నదమ్ములు ఇద్దరూ ముందుకు వంగారు. ఇంటర్ దాకా చదివిన వైకుంఠం కింద ఉన్న పేర్లు కూడబలుక్కుని చదివాడు.

"నీలంది హోమ్. అంటె ఇల్లు."

"పచ్చది?"

"రూట్. అంటె తొవ్వ."

"ఇంట్ల గింత పెద్ద తొవ్వ ఎందుకురా?" అంది సత్తెమ్మ.

"ఎర్రది స్వాప్. స్వాప్ అంటె..." వైకుంఠం ఆగాడు.

"అదలబదల," అంది పెద్దకోడలు.

"ఎవలది ఎవలకు అదలబదల?" అన్నాడు కొండల్. "ఇల్లు మొత్తం నీలంల ఏసుకుని, నాకు తొవ్వ ఇస్తవా?"

"నేనేసిన్నా? జున్ను పంపింది ఎవలు?"

"నెయ్యి మోసింది ఎవలు?"

భాస్కరరావు నోట్లో వంకాయ వేడిగా ఉంది. చెయ్యి ఊపుతూ ఏదో చెప్పబోయాడు గానీ మాట రాలేదు. మొగులయ్య అందరినీ ఊరుకోమని సైగ చేసి, ఆయన వైపు తిరిగాడు. "సార్, లొల్లి వద్దు. ఒక్కటి జెప్పుండ్రి. కొట్టం యాడ వడ్డది గిండ్ల?" అంటూ, తెర సరిగ్గా కనపడక, ఒక అరచెయ్యి లాప్‌టాప్ మీద ఆన్చి వంగాడు.

పట్టీ మాయమైంది. యంత్రం లోపల ఏదో గిర్రున తిరిగింది. తెర మీద కొత్త గీత ఒకటి ఎడమ నుంచి కుడికి తాపీగా పాకడం మొదలుపెట్టింది.

భాస్కరరావు వంకాయ మింగాడు. "పాటలు పోయాయి," అని మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇల్లు బోతుంటె పాటలంటవేంది సార్?" అంది సత్తెమ్మ.

"ఏ ఇల్లు?"

"మా ఇల్లు. నా కొడుకు మీ బామ్మర్దికి అమ్మిన ఇల్లు. మీరు పంచుతున్న ఇల్లు."

ఆయన ఆమెను చూశాడు, కొండల్‌ను చూశాడు, వైకుంఠాన్ని, వాకిట్లో నిలబెట్టిన కిటికీ చట్రాన్ని చూశాడు. జున్ను, నెయ్యి గుర్తొచ్చాయి. ఆ తర్వాత చెప్పడానికి చాలాసేపు పట్టింది. విండోస్ అంటే కిటికీలు కావనీ, హోమ్ అంటే ఇల్లు కాదనీ, ముక్కలు చేసింది ఈ యంత్రం లోపలి జాగానేననీ, ఓనరు అంటే ఈ డబ్బాకు ఓనరనీ, చిన్నవాడంటే తన బావమరిది రఘురామ్ అనీ ఆయన ఒక్కొక్కటే విప్పాడు. గరిటెతో నిలబడ్డ కమలకుమారి మధ్యమధ్యలో "అయ్యో, నేనన్నది అది కాదండీ" అంటూ సాయం చేసింది. దుర్గయ్య మెల్లగా మెట్లు దిగి బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

"అంటె ఇల్లు ఎవ్వలు పంచుతలేరు," అన్నాడు మొగులయ్య చివరికి.

"ఎవరూ పంచడం లేదు. మీ ఇల్లు మీకు ఉన్నదున్నట్టే ఉంది," అన్నాడు భాస్కరరావు. అందరూ ఊపిరి పీల్చుకుంటారని ఆయన ఎదురుచూశాడు.

ఎవరూ పీల్చుకోలేదు. కొండల్ పిట్టగోడ వైపు తిరిగాడు. వైకుంఠం కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. కోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మొగులయ్య వాళ్ళ ముఖాలు ఒకసారి కలియజూశాడు.

"ఏందిరా, పంచుతలేరంటె మీ మొకాలు గట్ల వాడిపోయినయి?"

కొండల్ అన్నాడు, "పొద్దున్నించి, పోనీ గిట్లనన్న తేలిపోతది అనుకున్న మామా. అమ్మ బాధపడ్తదనే ఇన్నేండ్లు నోరు తెర్వలే."

"నేను గూడ గందుకే," అన్నాడు వైకుంఠం. అన్నతో అతను ఏకీభవించడం అందరికీ వింతగానే ఉంది.

మొగులయ్య చెల్లెలి వైపు చూశాడు. సత్తెమ్మ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"నాకెందుకు బాధరా," అంది. "పొద్దుగాల లేస్తె మీ లొల్లే. బర్లు గూడ బెదురుతున్నయి. మీరడిగితె పంచుదమనే నేను సూస్తున్న. నాయంతల నేను అంటె, అమ్మ మమ్ముల ఎల్లగొట్టింది అనుకుంటరని ఊకున్న. దొంగచాటుగ అమ్మిండ్రని ఏడ్చిన గని, పంచుకుంటరని కాదు."

మొగులయ్య భాస్కరరావు వైపు తిరిగాడు. "సార్, టేపు ఉన్నదా?"

సర్వే ఆఫీసు సూపరింటెండెంటు ఇంట్లో టేపు లేకపోవడమేమిటి. గుత్తివంకాయ కూర చల్లారిపోతుండగా భాస్కరరావు చొక్కా చేతులు మడిచి వాకిలి కొలిచాడు. ఒక కొస కొండల్ పట్టుకున్నాడు, ఇంకో కొస వైకుంఠం. కొట్టం వైపు కొండల్‌కు, పై పోర్షన్ వైకుంఠానికి అని మొగులయ్య తీర్పు చెబితే, ఇద్దరూ పొద్దున తాము కోరుకున్నది అదేనని గ్రహించి కొంచెం సిగ్గుపడ్డారు. సత్తెమ్మ మాత్రం తన సంగతి తనే చూసుకుంది. "ఇరుకైతె పడేసే ముక్క నాకొద్దు. గల్లీ దిక్కు ముందర్ర నాది. పాల గిరాకి గూడ నాదే," అంది. ఆ ముక్క సంగతి పొద్దున ఆమెకు మోసుకొచ్చిన కొండల్ గబగబా టేపు చుట్టేశాడు.

అందరూ దిగిపోయాక, భాస్కరరావు భార్య ముందు తప్పు చేసినవాడిలా కూర్చున్నాడు.

"నీ పాటలన్నీ పోయాయి కమలా. ఒక్కటి కూడా మిగల్లేదు."

కమలకుమారి కూర వడ్డిస్తూ ఆగింది. "పోతే పోయాయి లెండి. ఆ రోజు నాకు జలుబు. ఆ గొంతు రోజూ వినలేక చచ్చాను. మీరు అంత ఇష్టంగా వింటుంటే ఆపమనలేక..."

భాస్కరరావు అన్నం కలపడం మానేసి ఆమెను చూశాడు. "ఇష్టమా? నువ్వు నొచ్చుకుంటావని విన్నాను. సాయంత్రం ఆ టైముకు రేడియోలో వార్తలు వస్తాయి."

ఆమె ఆయనకు జున్ను వడ్డించింది.

వాకిట్లో అడ్డుగోడ కట్టడానికి ఇటుకలు కూడా వచ్చాయి గానీ, గోడ లేవలేదు. ఎవరి చోటు ఏదో తెలిశాక కొట్లాడుకోవడానికి అన్నదమ్ములకు విషయం దొరకలేదు. ఇటుకలను సత్తెమ్మ తన ముందరి గది అరుగు పెంచుకోవడానికి వాడుకుంది. దోమల జాలీని వైకుంఠం తనే వచ్చి బిగించాడు, ఇప్పుడది తన కిటికీ కదా అని.

లాప్‌టాప్ మాత్రం నిజంగానే కొత్త ప్రాణం పోసుకుంది. మీట నొక్కితే కాఫీ పొంగేలోగా తెరుచుకునేది. భాస్కరరావు అందులో తెలుగు టైపు చేయడం నేర్చుకున్నాడు, ఆఫీసులో కుర్ర గుమస్తాలకు లైనక్స్ గురించి చెప్పడం కూడా మొదలుపెట్టాడు. ఒక్కటే లోపం. ఎంత పెంచినా దానిలోంచి శబ్దం రాలేదు. రఘురామ్ ఇంకో ఆదివారం ఇంటికొచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చిన్న పని బావగారూ. నాలుగు ముక్కలు టైపు చేస్తే గొంతు వచ్చేస్తుంది. చేసెయ్యనా?"

భాస్కరరావు తెరిచి ఉన్న కిటికీలోంచి ఒకసారి కిందికి చూసి, వద్దన్నాడు. ఆ ఇంట్లో నోరు లేనిది ఒక్కటైనా ఉండడం మంచిదని ఆయన అభిప్రాయం.